బేస్తవారం మాయమయ్యే బండి

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాదలు అందుకున్నది ఒక అల్యూమినియం పెట్టె. మిద్దె మీద దానికి ఎండ తగలకుండా అమ్మ తన పాత వాయిల్ చీరను పందిరిగా కట్టింది. నా కంచంలో రెండో ముక్క వేయడానికి ఆలోచించే మనిషి, ఆ పెట్టె కోసం పూటకొకసారి పైకెక్కి చుట్టూ నేల మీద నీళ్లు చల్లి వచ్చేది. అది మాటిమాటికీ మొరాయిస్తుంటే దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. అప్పటికీ మాట వినకపోతే దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి యాంటెన్నా గుంజకు కట్టింది. నేను వద్దనలేదు. అప్పటికి నా దగ్గరున్న విద్యలన్నీ అయిపోయాయి.

పెట్టె చేసింది మేమే. హైదరాబాదులో మాదొక చిన్న కంపెనీ, ఐదారుగురం కలిసి చేశాం. దాని లోపలి తెలివి మాత్రం నాది. కాకి పిల్ల కాకికి ముద్దు. ఫోనుకు దారి చూపించే ఉపగ్రహాలు ఉంటాయి కదా, వాటి సంకేతాలు పట్టుకునే రిసీవరు అది. అయితే ఇది జేబులో పెట్టుకునేది కాదు. శాస్త్రవేత్తలు పంపబోయే ఒక చిన్న వ్యోమనౌకలో కూర్చుని భూమి చుట్టూ తిరగాలి. దారిచూపే ఉపగ్రహం ఒకటి భూమి అంచు వెనక్కి దిగిపోతున్నప్పుడు, దాని సంకేతాన్ని గాలిపొరల గుండా చివరిదాకా పట్టుకోవాలి. గాలిలోంచి వచ్చేటప్పుడు ఆ సంకేతం కొద్దిగా వంగుతుంది. ఎంత వంగిందో తెలిస్తే అక్కడ వేడెంత, తేమెంత అని లెక్క కట్టొచ్చు. అంచుకు చేరేకొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది, తడబడుతుంది. మామూలు రిసీవర్లు అక్కడే చెయ్యి వదిలేస్తాయి. నాది వదలదు. నా గర్వమంతా అదే.

వానలు పడేలోపు ఆ శాస్త్రవేత్తల ముందు రివ్యూ ఉంది. నిజమైన ఆకాశం కింద వారంపాటు ఒక్కసారి కూడా తెగకుండా నడిచినట్టు చూపించగలిగితే నా రిసీవరు నౌక ఎక్కుతుంది. చూపించలేకపోతే బయటి దేశంలో తయారుగా దొరికేదాన్ని కొనుక్కుంటారు, నాది అటకెక్కుతుంది. హైదరాబాదులో మా ఆఫీసు మిద్దె చుట్టూ అన్నీ టవర్లే, రేడియో రొద. “మా నంద్యాలలో ఆకాశం శుభ్రంగా ఉంటుంది సార్, అక్కడ పెడదాం” అని నిండు మీటింగులో నోరు జారినదాన్ని నేనే. మా పెద్ద ఇంజినీరు జ్ఞానప్రకాశం గారు కళ్లజోడు పైనుంచి చూసి, సరే తీసుకుపో అన్నారు.

తీసుకొచ్చాను. వారం మొదలుపెట్టాను, సగంలో తెగింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తెగింది.

తెగడం కూడా ఒక పద్ధతిగా ఉంటే ఏడ్చి ఊరుకోవచ్చు. ఒక ఉపగ్రహం పోతే కొండ చాటుకో భవనం చాటుకో పోయిందనుకుంటాం. ఇక్కడ తలమీద ఉన్నవి, పక్కన ఉన్నవి అన్నీ ఒక్కసారే జారిపోయేవి. ఒకనాడు గంటసేపు, ఇంకోనాడు సాయంత్రం పోతే మళ్లీ తెల్లవారాకే. నేను వేడి అనుకున్నాను. మే నెల నంద్యాలలో ఏం చెడిపోయినా ముందు వేడినే తిడతాం. మా అన్న మున్నా కొట్టు నుంచి వస్తూ రోజూ ఐసుగడ్డ తెచ్చేవాడు, దాన్ని గోనెలో చుట్టి పెట్టె కింద పెట్టాను. తీగలు మార్చాను. అమ్మ పెద్ద డేక్షాను పెట్టె మీద బోర్లించి చూశాను, దానికి ఆ పూట బిర్యానీ ఆగిపోయి ఇంట్లో అందరూ మొహాలు ముడుచుకున్నారు. రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కి దిగానో నా మోకాళ్లకే తెలుసు. కూర్చుంటే పైన ఏమవుతోందో అని లేచేదాన్ని, పైకెక్కితే చూస్తుండగానే పోతుందేమోనని దిగొచ్చేదాన్ని.

జ్ఞానప్రకాశం గారు ఫోనులో మెత్తగానే మాట్లాడేవారు. ఏమ్మా, మీ నంద్యాల ఆకాశానికి ఏమొచ్చింది అని అడిగేవారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను ఆకాశాన్ని తప్పు పడుతున్నానని ఆయనకు అనుమానం. నాకూ అదే అనుమానం, అందుకే నిద్ర పట్టేది కాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మేం దూదేకులోళ్లం. పేర్లు పీర్లవి, ఇంట్లో మాట తెలుగు. మా నాయన ఖాజా పీర్ ఒక విత్తనాల సేటు దగ్గర బొలేరో బండి తోలుతాడు. ఉయ్యాలవాడ, సంజామల, ఆళ్లగడ్డ, ఏ ఊరి దుకాణానికి విత్తనాల మూటలు కావాలన్నా నాయనే. అన్న అదే సేటు కొట్లో గుమాస్తా. సేటు పోయినేడు బండ్లన్నిటికీ ట్రాకర్లు పెట్టించాడు. ఏ బండి ఎక్కడుందో ఫోనులో చుక్కగా కనిపిస్తుంది, ఆ చుక్కల్ని కాపలా కాయడం అన్న పని. కన్నతండ్రి ఎక్కడ టీ తాగాడో కొడుకు ఫోనులో చూసుకునే రోజులు వచ్చాయని నాయన నవ్వేవాడు.

మా అక్క షబ్నమ్ రెండేళ్ల కిందట ఆళ్లగడ్డలో ల్యాబులో పనిచేసే ఎడ్విన్‌ను పెళ్లి చేసుకుంది. అతను చర్చికి పోయేవాడు, మేం మసీదుకు పోయేవాళ్లం. పెళ్లికి ఇటు నుంచి ఎవరూ పోలేదు, అటు నుంచీ పెద్దగా రాలేదు. ఆ గడప తొక్కినోళ్లకు ఈ గడప లేదని అన్న ఆ రోజు నడింట్లో నిలబడి చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. అక్క ఫొటో తీసి బీరువాలో బట్టల అడుగున పెట్టింది, ఆ తర్వాత ఆ పేరు ఆమె నోట రాలేదు. నాయన కూడా ఏమీ అనలేదు. నేను మాత్రం ఆఫీసు నుంచి అక్కతో ఫోనులో మాట్లాడుతుండేదాన్ని. తనకు నెలలు నిండుతున్నాయని నాకు తెలుసు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా అని తను ఒక్కసారి కూడా అనలేదు. అందుకే నాకు మంట ఎక్కువ.

మూడోసారి తెగిన రోజు ఒక బేస్తవారం. ఆ మధ్యాహ్నం విసుగుపుట్టి, రిసీవరు ఏం వింటోందో విడదీసి ల్యాప్‌టాప్‌లో చూశాను. ఉపగ్రహాల సంకేతాలు చాలా సన్నవి, గుసగుసల్లాంటివి. వాటి మీద ఏదో ఒక కూత పైనుంచి కిందికి, కిందినుంచి పైకి ఊగుతూ మొత్తాన్ని కప్పేస్తోంది. ఇది నా బోర్డు జబ్బు కాదు, వేడీ కాదు. దగ్గరలో ఎవరో పనిగట్టుకుని అరుస్తున్నారు.

చేతిలో చిన్న యాంటెన్నా, చంకలో ల్యాప్‌టాప్, కాళ్లకు చెప్పుల్లేవు. మెట్లు దిగి సందులో పడ్డాను. వెల్డింగు షాపు వైపు తిప్పి చూశాను, సెల్లు దుకాణం వైపు చూశాను, ఆ మూలనున్న నర్సింగుహోము దాకా నడిచాను. ఎదురింటి లింగమ్మ అరుగు మీద కూర్చుని, ఏం పోగొట్టుకున్నావు పాపా, ఉంగరమా అని అడిగింది. అవునవ్వా అన్నాను. ముందుకు పోయేకొద్దీ కూత తగ్గుతోంది, వెనక్కి తిరిగితే పెరుగుతోంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చివరికి మా వాకిలి ముందుకే వచ్చి నిలబడ్డాను.

అక్కడ నాయన బండి ఉంది. ఆళ్లగడ్డ లోడు దించి వచ్చి, అన్నం తిని, లోపల చాప మీద ఒరిగి ఉన్నాడు. బండి అద్దంలోంచి తొంగి చూశాను. సిగరెట్ ముట్టించుకునే గుంటలో బొటనవేలంత నల్లటి వస్తువు గుచ్చి ఉంది, దాని మొన మీద ఎర్రటి దీపం. ఇలాంటివి ఉంటాయని చదివాను. చుట్టూ ఏ రిసీవరుకూ ఉపగ్రహం వినపడకుండా చేస్తాయి, అమ్మడం నేరం, పెట్టుకోవడం నేరం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నెల రోజులుగా నేను పట్టలేకపోయింది మా నాయనను.

నాయన లేచి వచ్చేసరికి నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాను, ఆ వస్తువు నా అరచేతిలో ఉంది.

“ఇదేందీ నాయనా?”

“ఫోను చార్జర్‌మ్మా.”

“నేను చేసే పని ఏందో నీకు తెలుసు గదా.”

నాయన నా చేతి వైపు చూశాడు, మిద్దె వైపు చూశాడు. మిద్దె మీద అమ్మ చీర గాలికి ఎగురుతోంది. పక్కకు జరుగు అన్నాడు. అమ్మకు వినపడేలా, పాపకు ఏదో సామాను కావాలంట, ఆళ్లగడ్డలో దొరుకుతాదంట, పోయొస్తాం అని కేకేసి బండి కదిలించాడు.

నాయన తోలితే అరవైకి తగ్గదు. మెల్లగా పోతే బండికి నిద్రొస్తాదని ఆయన వాదం. శిరివెళ్ల కూడా అలాగే దాటాం. ఆళ్లగడ్డ ముందు బ్రిడ్జి రాగానే నా ఒళ్లోంచి ఆ నల్లటి వస్తువు తీసి గుంటలో గుచ్చాడు. ఏడాదిగా అలవాటైన చెయ్యి, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే గుచ్చింది.

శిల్పులుండే వీధి వెనక, తెల్లటి రాతిదుమ్ము పట్టిన ఒక సందులో అక్క ఇల్లు. ఉలుల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. అక్క వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది, పొట్ట అడ్డం రావడంతో చేట పక్కన పెట్టుకుంది. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేక నవ్వింది. నువ్వు గూడా వచ్చినావా షబీనా అంది. అంతే, నేను ఆమె భుజం మీద పడి ఏడ్చాను. ఆ ఏడుపులో సగం నా రిసీవరు కోసం అని అక్కకు తెలియదు.

అక్క టీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు నాయన చెప్పాడు. ఈ ట్రాకర్లు వచ్చిన కొత్తలో కర్నూలులో ఒకడు ఈ వస్తువు ఇచ్చాడట. ఇది గుచ్చితే నీ బండి మాయమైతాది, ఎవరికీ నష్టం లేదన్నాడట. తనకు సేటు భయం లేదు. మున్నా ఫోనులో ఈ సందు కనపడకూడదు, అంతే. ఆళ్లగడ్డకు లోడు బేస్తవారమే కాబట్టి బేస్తవారం వస్తాడు, మధ్యలో వీలైతే ఇంకో పూట. పోయేటప్పుడు తీసేయాలనుకుంటాడు, మరిచిపోతాడు. ఒకోసారి మరునాడు బండి తీసేటప్పుడే గుర్తొస్తుందట.

“నాయనా, అది నీ బండి ఒక్కదాన్నే మాయం చెయ్యదు,” అన్నాను. “ఈ సందులో ఎవురి ఫోనుకూ దారి తెలీదు. నా పెట్టె నెల రోజుల నుంచి చచ్చేది దీనివల్లే. 108 బండికి గూడా దారి దొరకదు.”

నాయన మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాడు. “108 కా?”

“దానికీ దారి చూపేది ఆ ఉపగ్రహాలే గదా.”

“అంటే నేను ఈడ ఉన్నంతసేపూ, ఈ ఇంటికి...” అని ఆగి, లోపల అటూ ఇటూ బరువుగా నడుస్తున్న అక్క వైపు చూశాడు. బండి దగ్గరికి పోయి ఆ వస్తువు పీకి తెచ్చి నా బ్యాగులో వేశాడు. ఇది నీ కాడే పెట్టుకో, ఇంక నేను ఈడికి రాను, కాన్పు అయినాక చూద్దాం అన్నాడు.

నా ఆకాశం నాకు దొరికింది. సంతోషించాల్సిన మాటే. కానీ తిరుగు దారిలో ఆ ఖాళీ గుంట చూస్తుంటే, నాయన చేతిలోంచి అక్క ఇచ్చిన టీ గ్లాసును నేనే లాక్కున్నట్టు అనిపించింది.

సోమవారం పొద్దున నాలుగోసారి మొదలుపెట్టాను. రివ్యూకు ముందు ఇదే ఆఖరి వారం, ఇది తెగితే ఇంకో వారానికి చోటు లేదు. జ్ఞానప్రకాశం గారికి ఉన్నది ఉన్నట్టు, పేరు మాత్రం మింగి, చుట్టుపక్కల ఒక వాహనంలో ఆ వస్తువు ఉండిందని, తీయించానని చెప్పాను. ఆయన, ఎవరిదో నేను అడగనులేమ్మా, వారం మాత్రం తెగనివ్వకు అన్నారు. ఆ వస్తువును బియ్యపు డబ్బాలో అడుగున దాచాను. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. పెట్టె ఒక్క ఉపగ్రహాన్నీ వదల్లేదు. ఒక్కొక్కటీ నల్లమల కొండల వెనక్కి దిగిపోతుంటే చివరి సన్నటి దారం దాకా పట్టుకునే ఉంది. తాయెత్తు పనిచేసిందని అమ్మ లింగమ్మకు చెప్పుకుంది.

బేస్తవారం పొద్దున నాయన కొట్టుకు పోవడానికి చొక్కా వేసుకుంటుండగా ఎడ్విన్ ఫోను వచ్చింది. నాయన వరండాలోకి పోయి విన్నాడు. లోపలికి వచ్చి నా చెవిలో, అక్కకు నొప్పులంట, ఆళ్లగడ్డ పెద్దాస్పత్రికి తీస్కపోతాండారంట అన్నాడు. నేను బియ్యపు డబ్బా వైపు చూశాను. బ్రిడ్జి దగ్గర గుచ్చి, తిరిగొచ్చేటప్పుడు గుర్తుగా పీకేస్తే సరిపోతుంది, నా వారానికేం కాదు. తీసుకుపో నాయనా, దార్లో గుర్తు చేస్తాను, ఫోను చేస్తాను అన్నాను. నాయన తల అడ్డంగా ఊపాడు.

“ఆస్పత్రి కాడికి ఎన్ని 108లు వస్తాయో ఏమో. వద్దు.”

“అన్న చూస్తాడు గదా నాయనా.”

“చూడనీ,” అని బండెక్కాడు.

ఆ పూట నేను ఎక్కిన మెట్లకు లెక్క లేదు. పైన పెట్టె బాగానే ఉంది. అక్క ఫోను మోగి ఆగిపోతోంది, నాయన ఎత్తడం లేదు. అన్న చూస్తాడు, వస్తాడు, నడింట్లో నిలబడతాడు, మళ్లీ ఆ గడప మాట అంటాడు. ఈసారి ఆ మాట నాయనకు తగులుతుంది. నాయన వయసులో మనిషి కొడుకు చేత అలా అనిపించుకుంటే ఇల్లు ఇల్లుగా ఉండదు. అన్న ఏమంటే నేనేమనాలో మనసులో అల్లుకుంటూ, మిద్దె మీద ఎండిన మిరపకాయలను అనవసరంగా నాలుగుసార్లు తిరగేశాను.

అన్నం వేళ దాటాక అన్న మోటారుసైకిలు చప్పుడు వినిపించింది. నేను దిగేసరికి హెల్మెట్ కూడా తీయకుండా మెట్ల దగ్గరికి వచ్చేశాడు, చేతిలో ఫోను.

“నాయనకు ఏమైనా అయిందా?”

నేను అల్లుకున్న మాటలు వేటికీ ఈ ప్రశ్న అతకలేదు.

“బండి పెద్దాస్పత్రి కాడ ఉండాది. పొద్దున పోయింది, కదల్లే. ఫోను ఎత్తడం ల్యా. గుండెనొప్పేమన్నా వచ్చిందా? నీకేమన్నా తెలుసా?”

“నాయనకేం కాలేదన్నా. లోడు దించడానికి పోయినాడు.”

“షబీనా, ఈ పొద్దు బేస్తవారం.” అన్న ఫోను నా మొహం ముందు పెట్టాడు. “బ్రిడ్జి కాడ మాయం కావల్ల బండి. కాలే.”

నీకు తెలుసునా అని అడిగాను.

“యాడాది నుంచి చూస్తాండా. బ్రిడ్జి కాడ పోతాది, ఆమైన నంద్యాలలో తేల్తాది. ఆడ టవర్ ల్యా అని సేటుకు చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. బ్రిడ్జి దాటి నాయన యాడికి పోతాడో తెలీనంత ఎర్రోన్నా నేను?”

“మరి ఒక్కనాడన్నా అనలేదే?”

“ఏమని అనేది? నేనే గదా ఆ పొద్దు అంత మాట అనింది.” హెల్మెట్ తీసి మెట్టు మీద పెట్టాడు. “బేస్తవారం బండి మాయమైందంటే నాయన బాగుండాడు, ఆయమ్మ గూడా బాగుండాది, అనుకుంటాంటి. ఈ పొద్దు మాయం కాకపోయేసరికి నా ప్రాణం పోయింది.”

“నాయనకు గాదన్నా. అక్కకు నొప్పులు.”

అన్న మెట్టు మీద కూలబడ్డాడు. ఆ వెనకే, వంటింటి గడపలో, తడి చేతులతో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో మేం చూసుకోలేదు.

“ఎప్పటి నుంచి?” అంది అమ్మ.

బండి సంగతి అడుగుతోందనుకుని అన్న ఏదో చెప్పబోయాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

“నొప్పులు ఎప్పటి నుంచి అని అడుగుతాండా.”

పొద్దున నుంచి అన్నాను. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, అన్న ఫోను తీసుకుని, కళ్లకు దూరంగా పట్టుకుంది. అమ్మకు మ్యాపులు తెలియవు. ఏది మీ నాయన బండి అని అడిగితే అన్న చుక్క చూపించాడు. చాలాసేపు దానివైపే చూసింది. ఇంకా ఆడే ఉండాది అని తనలో తను అనుకుంది. కాసేపటికి మళ్లీ అదే మాట అంది. తర్వాత ఫోను అన్న ఒళ్లో పెట్టి మెట్లెక్కి పైకి పోయింది.

నేను వెనకాలే పరుగెత్తాను. అమ్మ పెట్టె పందిరి ముడులు విప్పుతోంది. ఎండకు ఎండి, నీళ్లకు తడిసి, ఆ వాయిల్ చీర పసిపిల్లల చర్మానికి తగినంత మెత్తబడింది. విప్పి దులిపి మడత పెట్టుకుంది.

“నీ పెట్టె కొంచెం ఎండకు ఓర్చుకుంటాదా?”

ఓర్చుకుంటాదమ్మా అన్నాను. నేనూ వస్తానన్నాను.

“నువ్వు ఈడే ఉండు. కరెంటు పోతే చూసుకునేటోళ్లు ల్యాకపోతే ఎట్ల? దీనిది గూడా తొలి కాన్పే గదా.”

వాము, శొంఠి, బెల్లం ఒక సంచిలో, చీర ఇంకో సంచిలో పెట్టుకుని, బురఖా వేసుకుని అమ్మ మోటారుసైకిలెక్కింది. పోయే ముందు అన్న నా ఫోనులో ఆ చుక్కల మ్యాపు పెట్టి, చూస్తాండు అన్నాడు. సాయంత్రానికి అన్న ఒక్క మాటే పంపాడు, ఆడపిల్ల అని. ఆ తర్వాత మా ఇంటివాళ్లంతా ఆ పిల్లను చూసుకోవడంలో పడి నన్ను మరిచిపోయారు.

ఆ మిగతా రోజులు ఖాళీ ఇంట్లో నేనొక్కదాన్నే. పెట్టెకు పందిరి లేదు కాబట్టి పట్టపగలు దాని పక్కన గొడుగు పట్టుకుని కూర్చున్నాను. లింగమ్మ తన మిద్దె మీద నుంచి చూసి, ఆ డబ్బాకు వడదెబ్బ తగుల్తాదా పాపా అని ఎగతాళి చేసింది. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు దగ్గరికి పరుగు. ఒక చేతిలో నా ఉపగ్రహాలు, ఇంకో చేతిలో నాయన చుక్క. లోకంలో ఎక్కడో తిరగబోయే నౌకకు దారి తెలిసేలా చేయగలను గానీ, అమ్మా అక్కా ఎదురుపడినప్పుడు ఏమనుకున్నారో తెలుసుకునే దారి నాకు లేదు. ఫోను చేసి అడుగుదామా అనుకుంటాను, అడగను. చుక్క ఆస్పత్రి దగ్గరే ఉంది. అన్న సేటుకు ఏం చెప్పాడో, ఏ టవరు కూలిపోయిందన్నాడో, బండి కోసం కొట్టు నుంచి ఎవరూ రాలేదు.

ఆదివారం పొద్దెక్కాక చుక్క కదిలింది.

అన్నకు ఫోను చేశాను, ఎత్తలేదు. చుక్క వీధులు దాటింది. శిల్పుల వీధి వైపు తిరుగుతుందేమోనని చూశాను. అటు తిరిగితే అక్కను వాళ్లింట్లో దించుతున్నట్టు. తిరగలేదు. బ్రిడ్జి ఎక్కింది. అయితే అక్కను ఎడ్విన్ ముందే తీసుకుపోయి ఉంటాడు, నాయన ఒక్కడే వస్తున్నాడు. అమ్మా అన్నా కూడా పిల్లను చూసి, కళ్లు తుడుచుకుని మోటారుసైకిలు మీద వెనకే వచ్చేస్తున్నారు, అంతే.

అప్పుడు చుక్క పక్కన రాసే వేగం మీద నా చూపు పడింది. గంటకు ఇరవై. బండి చెడిందేమో అనుకున్నాను. పద్దెనిమిది అయింది. మళ్లీ ఇరవై. పెద్ద రోడ్డు మీద, ఆదివారం, ఖాళీ బండితో మా నాయన ఇరవైలో వస్తున్నాడు. శిరివెళ్ల దగ్గర చెట్టు నీడ ఉన్న చోట కాసేపు ఆగింది. టీ తాగేంతసేపు కాదు, అంతకంటే ఎక్కువ. మళ్లీ కదిలింది, గుంత వచ్చిన చోటల్లా పది, గుంత దాటాక ఇరవై.

నా జీవితమంతా వేగాలు లెక్కగట్టడమే పని. ఒక్క క్షణంలో ఏడెనిమిది కిలోమీటర్లు పోయే నౌక వేగం దాకా లెక్క వేశాను. ఏ అంకె చూసీ నేను ఇలా లేచి నిలబడలేదు. ఆ బండిలో మూడు రోజుల పిల్ల ఉంది. పక్కన మా అక్క ఉంది. మెల్లగా, మెల్లగా అంటూ నాయన భుజం మీద కొడుతూ మా అమ్మ ఉంది. ఇంకెవరూ నాయన చేత అంత మెల్లగా బండి తోలించలేరు.

గొడుగును పెట్టె మీదికి వాల్చి రాయి ఆనించి కిందికి పరుగెత్తాను. నడింట్లో నా తీగలన్నీ చుట్టి మూలకు నెట్టాను. చాప పరిచాను. నీళ్లు కాగబెట్టాను. బీరువాలో బట్టల అడుగు నుంచి అక్క ఫొటో తీసి పాత మేకుకే తగిలించాను, వంకరగా వచ్చింది, మళ్లీ సరిచేశాను. నాయన ఇంకా ఊరి బయటే ఉన్నాడు. ఆ వేగానికి మనిషి నడిచినా ముందే వచ్చేవాడేమో.

బండి సందులోకి తిరిగిన చప్పుడు వినిపించగానే, నెలరోజుల అలవాటు కదా, నా కాళ్లు వాకిట్లోకి పోకుండా మిద్దె మెట్లెక్కాయి. ఆ బండి వాకిట్లో ఆగిందంటే నా తెర మీద అన్నీ ఒక్కసారే పోయేవి. కింద ఇంజను ఆగింది. తలుపు తెరుచుకుంది. అన్న గొంతు, ఎడ్విన్ గొంతు, అమ్మ ఎవరినో కసురుకోవడం, వీటన్నిటి మధ్య నాకు తెలియని ఒక సన్నటి ఏడుపు.

తెర వైపు చూశాను. ఒక్కటీ జారిపోలేదు. అన్నీ ఉన్నాయి.